రాకాసి గుండ్ల దగ్గర ఒక ఇనుప కడ్డీ

శనివారం పొద్దున 5:40కి అశోక్ నగర్ హాస్టల్ మెట్లు దిగాం. సామాను ఇది: పసుపు డబ్బాలో ఆటో లెవెల్ ఒకటి (నేల ఎత్తుపల్లాలు చూసే దుర్బిణి లాంటి యంత్రం), దాని మూడు కాళ్ల స్టాండు ఒకటి, మడిస్తే నాలుగడుగులు, లాగితే పదహారడుగులు అయ్యే అల్యూమినియం కొలబద్ద ఒకటి, ముప్పై మీటర్ల టేపులు రెండు, టోపీలు రెండు, నరేశ్ ఒకడు. చివరి ఐటమ్ అవసరం లేదని నేను ముందు రోజే చెప్పాను. నరేశ్ నా రూమ్మేటు, గ్రూప్స్‌కు చదువుతాడు. "రాకాసి గుండ్లు సిలబస్‌ల ఉన్నయన్నా. కండ్లార చూస్తె బిట్టు మర్వను" అన్నాడు. కాదనడానికి కారణం దొరకలేదు.

ఈ ప్రయాణం ఎందుకో ముందు చెప్పాలి. నేను సివిల్ ఇంజనీరింగ్ చదివి, రెండేళ్లు ఒక రోడ్డు కంట్రాక్టరు దగ్గర లెవెళ్లు చూసి, ఇప్పుడు సర్కారు ఇంజనీరు పరీక్షకు చదువుకుంటున్నవాణ్ణి. చిక్కడపల్లి లైబ్రరీలో మా బల్ల దగ్గరే స్వరూప అక్క కూర్చుంటుంది. మేమంతా కరెంట్ అఫైర్స్ బట్టీ పడుతుంటే ఆమె కుండ బొమ్మలు గీస్తుంది: సగం బయటి నుంచి చూసినట్టు, సగం కత్తితో కోసినట్టు. మొదటి రోజే నరేశ్ అడిగాడు.

"అక్కా, ఇది ఏ పరీక్షకు?"

"పీహెచ్‌డీకి."

"సిలబస్ ఏడ దొర్కుతది?"

"మట్టిల."

స్వరూప అక్క వాళ్లది నారాయణగూడలో మూడు తరాల స్టీలు సామాన్ల దుకాణం. వాళ్ల నాయిన గిరాకీల ముందే అంటాడట: "నా దుకాణంల ఇన్ని గిన్నెలుండంగ, నా బిడ్డ పగిలిన గిన్నెల కోసం ఊర్లు తిర్గుతది."

ఆ అక్క శుక్రవారం మధ్యాహ్నం సిద్దిపేట దగ్గర పాత సమాధి తవ్వుతున్న చోటు నుంచి ఫోన్ చేసింది. "తమ్మీ, నువ్వు సివిల్ గద. లెవెల్ మిషన్ పట్టుడు వస్తదా?" వాళ్ల సర్వేయరు మంగళవారం తన పెళ్లికి వెళ్లాడు, ఇక రాడు. గుంట ఉన్నది ఒక రైతు చేనులో. మిరుగం కార్తె వచ్చింది, పత్తి గింజ పెట్టాలి కాబట్టి సోమవారం పొద్దున ట్రాక్టరు వచ్చి గుంట పూడుస్తుంది. ఆదివారం మధ్యాహ్నం అక్క గైడు, వాళ్లు 'పెద్ద సార్' అనే ఆయన, చూడటానికి వస్తాడు. అంతలోపు ప్రతి కుండ ఎక్కడ ఎంత లోతున ఉందో రాసి, తర్వాతే పైకి తీయాలి. "కొలత లేని కుండ అంగడి కుండ తమ్మీ. మా నాయిన గూడ కొనడు."

ఆపైన గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. ఒకే రాతి పెట్టెలో రెండు పొరలు దొరికాయి. పైపొరలో ఒక మనిషి, వాళ్ల కుండలు, కింది పొరలో ఇంకో మనిషి, వాళ్ల కుండలు, నడుమ మన్ను. అంటే ఒకరిని పెట్టి మూసిన సమాధిని చాలా ఏళ్ల తర్వాత మళ్లీ తెరిచి ఇంకొకరిని పెట్టారన్న మాట. ఆమె థీసిస్ మొత్తం నిలబడేది ఈ మాట మీదే. "నడుమ పంతొమ్మిది సెంటీమీటర్ల సందున్నది తమ్మీ! పంతొమ్మిది! సార్‌కు ఫోన్ల చెప్పేసిన."

ఆ సాయంత్రమే నారాయణగూడలో యంత్రాలు అద్దెకిచ్చే దుకాణానికి వెళ్లాను. "సైటేడ?" అని అడిగాడు. శ్మశానం అన్నాను. "ఎవరిది?" అన్నాడు. రెండున్నర వేల ఏళ్ల కిందటిది కావచ్చు అన్నాను. ఆధార్ జిరాక్సు ఒకటి సరిపోదు, రెండు ఇమ్మన్నాడు.

చిక్కడపల్లి మెట్రో స్టేషన్లో 6:05కు తనిఖీ యంత్రం మా పసుపు డబ్బాను చూసి ఆగిపోయింది.

"ఏంది తమ్మీ ఇది, ఫిరంగా?"

"లెవెల్ మిషనన్న."

"దేని లెవెల్?"

"భూమిది."

"భూమి లెవెల్‌గనే ఉన్నది గద" అన్నాడు సెక్యూరిటీ అన్న, కిందికి చూసి, నిజంగానే సరిచూసుకున్నవాడిలా. వదిలేశాడు.

జేబీఎస్‌లో 6:50కి సిద్దిపేట బస్సు దొరికింది. ఆడవాళ్లకు టికెట్టు లేదు, సీట్లు వాళ్లవి. టికెట్టు కొన్నవాళ్లం నిలబడ్డాం. ఇందులో ఫిర్యాదు ఏమీ లేదు, ఉన్న లెక్క ఇది. కొలబద్దను సీట్ల నడుమ దారిలో పడుకోబెట్టాం. శామీర్‌పేట దాటేలోపు దాన్ని తొక్కినవాళ్లు పదకొండు మంది, దండం పెట్టినది ఒకామె. పక్కన నిలబడ్డ తాత దాన్ని చూసి కళ్లు చిట్లించాడు.

"భూమి సర్వేకు పోతున్నరా బిడ్డా?"

"కాదు తాతా, పాత బొందలు కొల్వనీకి."

తాత బస్సులో అందరికీ వినపడేలా అన్నాడు: "బతికున్నోని గెట్టు కొల్వుమని ఆర్నెల్ల సంది తిరుగుతున్న, ఎవ్వడు వస్తలేడు. సచ్చినోళ్లకు మాత్రం సర్వేరొచ్చిండు." ప్రజ్ఞాపూర్ వరకు ఇదే ముచ్చట. దిగేటప్పుడు ఆయన నా ఫోన్ నంబరు అడిగాడు. నేను నరేశ్‌ది ఇచ్చాను.

9:05కు సిద్దిపేట. బస్టాండు బయట ఇడ్లీ, చాయ్. అక్కడి నుంచి షేరింగ్ ఆటోలో ముప్పై అయిదు నిమిషాలు. ఊరి పేరు చెప్పను. చెప్తే రేపటికల్లా గుప్తనిధులవాళ్లు నిమ్మకాయలు, గడ్డపారలు పట్టుకుని దిగుతారు. గుట్టపల్లి అనుకోండి. నిజంగా చూడాలనుకునేవారు సిద్దిపేట చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్లి అడిగినా "రాకాసి గుండ్లా, గా గుట్ట కింద" అని చెయ్యి చూపిస్తారు. చూడండి, తవ్వకండి.

10:30కు చేను చేరాం. బర్రె దూడంతేసి రాళ్లు గుండ్రంగా నాటి ఉన్నాయి, ఇరవై రెండు; ఊరివాళ్లు రాకాసి గుండ్లు అనేవి ఇవే. ఆ వలయం నడుమ నాలుగు పలక బండలు నిలబెట్టి కట్టిన పెట్టె. దాని మీద మూత లాంటి పైబండను అంతకుముందే క్రేన్ పెట్టి తీసి పక్కన పడేశారు. పెట్టెలోపల, ఛాతీలోతున, లోన నలుపు బయట ఎరుపు ఉన్న కుండలు మూతులు పైకి పెట్టి ఎదురుచూస్తున్నట్టు ఉన్నాయి. వాటి పక్కన ఎముకలు. నేను ఊహించినంత భయంగా ఏమీ లేవు. బాగా నానిన గోడ పెచ్చుల్లా ఉన్నాయి.

"ఇనుప యుగం, బృహత్ శిలా సమాధులు, నలుపు ఎరుపు మృణ్మయ పాత్రలు" అన్నాడు నరేశ్, చేతులు కట్టుకుని, దేవుడి ముందు నిలబడ్డట్టు.

"ఆప్షన్ సి" అంది స్వరూప అక్క గుంటలో నుంచి. పదిహేను రోజుల ఎండకు ముఖం కుండల రంగులోకి మారింది. "వచ్చిండ్రా. చాయ్ తాగుతరా, పని చేస్తరా?"

చేను ఎల్లవ్వది. ఆమె గట్టు మీద కూర్చుని అందరి మీదా ఓ కన్నేసి ఉంచుతుంది. మమ్మల్ని చూసి, "గీ పోరగాండ్లు గూడ బొందలు తవ్వెటోళ్లేనా? బంగారం దొర్కితె నాకు చెప్పకుండ పోకున్రి. సోమారం ట్రాక్టరొస్తది, మీరు గుంటల ఉన్నా సరే మన్ను పోస్త" అంది. హాస్యానికి అన్నట్టు లేదు.

వాళ్లు కొలిచే పద్ధతి ఇది. పది మీటర్ల చదరానికి నాలుగు మూలలా నాలుగు ఇనుప కడ్డీలు. కుండ ఎటువైపు ఎంత దూరంలో ఉందో నైరుతి కడ్డీ నుంచి కొలుస్తారు. ఎంత లోతులో ఉందో ఈశాన్యపు కడ్డీ నుంచి: దాని తల దగ్గర ఉన్న గాటుకు దారం కట్టి, రసమట్టం తగిలించి, దారాన్ని మట్టంగా గుంట మీదికి లాగి, దారం నుంచి కిందికి టేపు వదులుతారు. చాలా పాత పద్ధతి, చాలా మంచి పద్ధతి, ఆ కడ్డీ కదలనంతవరకు.

"ఇంకో బెంచ్ మార్కు ఏడున్నదక్కా?"

"ఇంకోటెందుకు?"

బెంచ్ మార్కు అంటే ఎత్తులన్నీ ఎక్కడి నుంచి కొలుస్తామో ఆ కదలని గుర్తు; మా రోడ్డు కంట్రాక్టరు కూడా రెండు పెట్టించేవాడు. ఆయన దేవుణ్ణి నమ్మేవాడు, మనుషుల్ని కాదు. ఎవరి సైటుకు వెళ్లినా నేను ముందు చేసే పని ఒకటుంది: మూలకు మూల అడ్డంగా కొలవడం. పది మీటర్ల చదరానికి ఎదురు మూలల నడుమ 14.14 రావాలి. 11:05కు వాయవ్యం నుంచి ఆగ్నేయానికి టేపు లాగాం, 14.14 వచ్చింది. నైరుతి నుంచి ఈశాన్యానికి లాగాం. 14.36.

మళ్లీ లాగాం. 14.36. నరేశ్‌ను మార్చి ఇంకొకరికి టేపు ఇచ్చి లాగాం. 14.36.

"అక్కా, ఈశాన్యం కడ్డీ జరిగింది."

స్వరూప అక్క గుంటలో నుంచి పైకి ఎక్కింది. పనివాళ్లందరినీ పిలిచి, ఎవరైనా కడ్డీని కదిలించారా, క్రేన్ తగిలిందా, మేక గుద్దిందా అని అడిగాం. అందరూ తల అడ్డంగా ఊపారు. అప్పుడు చెట్టు కింద బీడీ కాలుస్తున్న రాజమల్లు మేస్త్రి నిదానంగా లేచాడు. ఊళ్లో సగం ఇళ్లు కట్టింది ఆయనే.

"కదిలించుడు కాదమ్మా. సరిచేసిన."

"ఏం సరిచేసినవ్ మేస్త్రీ?" అడిగింది అక్క.

"మంగళారం మనోని కాలు మీద గడ్డపార పడ్డది గద. ఎందుకు పడ్డదని సోచాయించిన. చూస్తె ఇంటికి ఈశాన్యంల ఇనుము దిగ్గొట్టిండ్రు. అరిష్టం గాదా? బుధారం పొద్దున్నే వచ్చి పీకి, జానెడు బయటికి కొట్టిన. అప్పట్నుంచి ఒక్కని కాలన్న తెగిందా?"

"ఇది ఇల్లు కాదు మేస్త్రీ!"

"నాలుగు గోడలు, పైన కప్పు, లోపట మనుషులు, వాళ్లకు గిన్నెలు. ఇల్లు గాకపోతె ఏందమ్మా ఇది?"

నేను అడగాల్సింది అడిగాను. "కడ్డీ మొదట ఎంత దిగి ఉండెనో అంతే దించినవా?"

"అంత యాడ దిగుతది? కింద మొరం తగిలింది. జర ఎత్తుగనే ఆగింది."

అక్క నా వైపు చూసింది. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. పైపొర కుండలను సోమ, మంగళవారాల్లో కొలిచారు, పాత కడ్డీ నుంచి. కింది పొరను గురు, శుక్రవారాల్లో కొలిచారు, ఎత్తుగా ఆగిన కొత్త కడ్డీ నుంచి. కడ్డీ తల ఎంత పైకి లేచిందో కింది పొర పుస్తకంలో అంత కిందికి దిగిపోయింది. పంతొమ్మిదిలో కొంత సమాధిది, కొంత రాజమల్లుది. ఎంత ఎవరిదో తెలియదు. పాత కడ్డీ నుంచి కొలిచినవేవీ ఇప్పుడు నేలలో లేవు. పైపొర కుండలన్నీ పైకి తీసి ఊరి బడి గదిలో పెట్టారు, పైబండ పక్కన పడి ఉంది. చుట్టు రాళ్ల ఎత్తు, పక్కబండల ఎత్తు చివరి రోజు యంత్రంతో ఒకేసారి తీద్దామని సర్వేయరు అట్టిపెట్టాడు. ఆ చివరి రోజు ఆయన పెళ్లి అయింది.

మేస్త్రి బీడీ దగ్గరికి వెళ్లాక నరేశ్ మెల్లగా అన్నాడు. "అక్కా, నేనొకటి చెప్త. కడ్డీ తీసి మళ్ల మూలల కొట్టేద్దాం. అన్న టేపు వెడితె పద్నాలుగు పాయింట్ పద్నాలుగు వస్తది. పుస్తకంల పంతొమ్మిది అట్లనే ఉంటది. ఎవరు చూసిండ్రు?"

అక్క కొలతల పుస్తకం తెరిచి, మూసి, గట్టు మీద పెట్టింది. నాతో అంది: "నువ్వు సోమారం, గుంట పూడ్చినంక వచ్చినా బాగుండు తమ్మీ."

నేను సారీ అన్నాను.

"ఏం సారీ? టేపులు తియ్యి" అంది.

మా ఆలోచన ఇది. పాత కన్నం దొరికితే కడ్డీని మళ్లీ అందులోనే నిలబెట్టవచ్చు. అడుగుకు తగిలి ఆగినప్పుడు దాని తల ఎక్కడుంటుందో అదే పాత మట్టం. కానీ మేస్త్రి మంచి మేస్త్రి. కన్నాన్ని మన్నుతో పూడ్చి, నీళ్లు చల్లి, కాలితో తొక్కి నున్నగా చేశాడు. నాలుగు రోజులు అందరూ దాని మీదే నడిచారు. "గీడ్నే" అని ఆయన చూపించిన జాగాలో ఒక మంచం వేయవచ్చు.

12:15కు వాయవ్యం కడ్డీ నుంచి ఒక టేపు పది మీటర్లకు, ఆగ్నేయం కడ్డీ నుంచి రెండో టేపు పది మీటర్లకు లాగి, రెండూ కలిసిన చోట సున్నం బొట్టు పెట్టాను. నా విద్య అక్కడితో అయిపోయింది. "దీనికి అరచెయ్యంత దూరంల ఉండాలె" అన్నాను.

తర్వాత అక్క పని. ఆమె బోర్లా పడుకున్నంత కిందికి వంగి, చిన్న తాపీ అంచుతో నేలను గోకడం మొదలుపెట్టింది. తవ్వడం కాదు, గడ్డం గీసినట్టు. కాగితమంత మన్ను తీస్తుంది, కుంచెతో ఊడుస్తుంది, మూతకు బెజ్జాలు చేసిన సీసాతో నీళ్లు చల్లుతుంది, చూస్తుంది. గుంజ కుళ్లి పోయినా దాని కన్నంలో నిండిన మన్ను రంగు వేరుగానే ఉంటుందట. వేల ఏళ్ల కిందటి గుడిసెలను ఇలాగే పట్టుకుంటారట. నాలుగు రోజుల కిందటి కన్నానికి ఈ మర్యాద దక్కడం ఇదే మొదటిసారి అయి ఉంటుంది.

"ఎండ నెత్తి మీదుంటె రంగులు కనపడయి. నీడ వట్టుండ్రి" అంది. ఎల్లవ్వ తన దుప్పటి తెచ్చింది. నరేశ్ ఒక కొస, నేను ఒక కొస, ఎల్లవ్వ మూడోది, మేస్త్రి నాలుగోది పట్టుకున్నాం. పెళ్లి పందిరి కింద ఒక తాపీ కూర్చున్నట్టుంది.

మొదటి కన్నం 12:50కి దొరికింది. ఎల్లవ్వ చూసి, "గది నా మేకను కట్టేసిన గూటం" అంది. రెండోది 1:15కు, అది చీమలది, వాళ్లు స్వయంగా వచ్చి చెప్పారు. 1:40కి సున్నం బొట్టుకు నాలుగు వేళ్ల దూరంలో తడిసిన ఎర్రమన్ను నడుమ రూపాయి బిళ్ల కంటే చిన్న నల్లటి చుక్క తేలింది. గుండ్రంగా, పెన్సిల్‌తో గీసినట్టు.

"నాదే" అన్నాడు రాజమల్లు, ముచ్చటగా.

బొటనవేలు కూడా పట్టని కన్నంలో నుంచి గోడలు చెదరకుండా మన్ను తీయాలి. చెంచా పట్టదు. మేస్త్రి తన సైకిలు దగ్గరికి వెళ్లి, చక్రానికి ఒక పుల్ల తక్కువైనా నడుస్తుందని చెప్పి, దాన్ని ఊడదీసి, కొసను రాయి మీద పెట్టి సుత్తితో కొట్టి చీమ తినే చెంచా లాంటిది చేసి ఇచ్చాడు. దాంతో అక్క రెండు గంటలు చిటికెడు చిటికెడు మన్ను తీసింది. మధ్యలో ఎల్లవ్వ జొన్న రొట్టె, పచ్చిపులుసు పెట్టింది, అక్క తినలేదు. 3:50కి పుల్ల గట్టి అడుగుకు తగిలింది.

నేను లెవెల్‌ను మూడు కాళ్ల మీద నిలబెట్టి, ముందుగా కొత్త చోట ఉన్న కడ్డీ తల మీద కొలబద్ద పెట్టించి చదివాను: 1.385. ఇక కడ్డీ పీకి పాత కన్నంలో దించాలి. రాజమల్లు చెయ్యి అడ్డం పెట్టాడు.

"మళ్ల ఈశాన్యంలనా?"

"పది నిమిషాలు మేస్త్రీ."

"పదే." ఆయన గుంట వైపు తిరిగి లోపలివాళ్లకు దండం పెట్టి, "జర ఓర్సుకోండ్రి, వెంటనే తీస్తరు" అని చెప్పి, ఫోన్లో టైము చూస్తూ నిలబడ్డాడు.

కడ్డీని దాని బరువు మీదే వదిలాం. జారి, అడుగున తగిలి ఆగింది. చదివాను: 1.505. తీసి మళ్లీ పెట్టించి చదివాను: 1.506. మూడోసారి 1.504. అంకె పెరిగిందంటే తల కిందికి ఉందన్న మాట. తేడా పన్నెండు సెంటీమీటర్లు.

పంతొమ్మిదిలో పన్నెండు పోతే ఏడు.

ఎల్లవ్వ అడిగింది. "కడ్మ పన్నెండు ఏడికి వోయినయి?"

"కడ్డీల ఉండె పెద్దమ్మా" అన్నాడు నరేశ్.

"తొమ్మిది నిమిషాలాయె" అన్నాడు రాజమల్లు.

రాత్రికి బడి గదిలో పడుకున్నాం. ఇంకా సెలవులే. బల్లల మీద పైపొర కుండలు, బోర్డు మీద ఏప్రిల్ నాటి హోంవర్కు. వెలుగు ఉండగానే అక్క వరండాలో కూర్చుని కింది పొర అంకెలన్నింటిలో నుంచి పన్నెండు తీసేసింది, ఒక్కొక్కటిగా, పాత అంకె కనపడేలా ఒక గీత కొట్టి పక్కన కొత్తది రాస్తూ. క్యాలిక్యులేటర్ ఇస్తానన్నాను. వద్దంది.

ఆదివారం పొద్దున 6 నుంచి మధ్యాహ్నం వరకు చుట్టు రాళ్లు, పక్కబండలు, మిగిలిన కుండలు అన్నింటికీ లెవెళ్లు తీశాను. ఈసారి బెంచ్ మార్కులు మూడు, అందులో ఒకటి కదిలించాలంటే గుట్టను కదిలించాలి. పెద్ద సార్ 3:10కి నల్లగొడుగు పట్టుకుని వచ్చాడు.

"ఏదమ్మా నీ పంతొమ్మిది?"

"ఏడు సార్" అంది అక్క. కడ్డీ కథ మొత్తం చెప్పింది, మేస్త్రి పేరు చెప్పకుండా. మేస్త్రి ముందుకు వచ్చి, "నేనే సార్" అన్నాడు.

సార్ ఆయన్ని కాసేపు చూశాడు, పుస్తకంలో కొట్టేసిన అంకెలను ఇంకా ఎక్కువసేపు చూశాడు. "ఏడంటే, ఒక పక్కబండ జర వొరిగి మన్ను జారినా పడుతది."

"తెలుసు సార్."

ఆయన గొడుగు నాకిచ్చి గుంటలోకి దిగాడు. ఇరవై నిమిషాలు ఒక మూల కూర్చుని, మన్ను చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపాడు, వాసన చూశాడు, నాలుక మీద కూడా పెట్టుకున్నాడని నరేశ్ అంటాడు. ఎక్కి వచ్చి అన్నాడు: "నీళ్లతోటి మెల్లగ, ఏండ్ల మీద దిగిన మన్ను లెక్కనే ఉన్నది. కాని తేల్చి చెప్పకు. 'మళ్లీ తెరిచి ఉండవచ్చునా' అని రాయి. ఈ కడ్డీ ముచ్చట గూడ రాయి, వదిలిపెట్టకు."

ఉండవచ్చునా. పదిహేను రోజుల ఎండకు అక్కకు దక్కింది అది. ఆమె సరే సార్ అని తల ఊపి, కుండలు తీయడానికి దిగిపోయింది.

చివరి కుండ బడి గదికి చేరాక బయల్దేరి, 5:35కు సిద్దిపేటలో బస్సెక్కాం. ఈసారి అక్కకు, ఆమె పుణ్యాన మాకూ సీట్లు దొరికాయి. ఆమె పక్కన, ఒళ్లో మామిడిపండ్ల సంచీ పెట్టుకుని ఒక పెద్దమ్మ. అల్వాల్లో కూతురింటికి వెళ్తోంది. కాసేపు అక్క చేతుల మట్టిని, గోళ్లను చూసింది.

"ఏడికెళ్లి వస్తున్రు బిడ్డా?"

"పాత బొందలు తవ్వనీకి పోయినం పెద్దమ్మా."

"ఎవలయి?"

"తెల్వది. ఒక్క గూట్ల ఇద్దరు, ఒకరి మీద ఒకరు."

"ఒక్కపారే వోయిన్రా?"

"గదే లొల్లి." అక్క నాలుగు వేళ్లు దగ్గరికి చేర్చి అడ్డంగా పట్టి చూపించింది. "నడుమ గింత మన్నున్నది. ఒకరు పోయినంక ఎన్నేండ్లకో ఇంకొకరు పోయిండ్రని నేనంటున్న. గింతే ఉంటె చెప్పలేం అంటుండు మా సార్."

పెద్దమ్మ ఆ వేళ్లను చాలాసేపు పరీక్షగా చూసింది. "మీ సార్‌కేం ఎరుక? ఆలుమగలైతరు. ముందుగాల పోయినోడు ఎనకామె కోసం ఎదురుచూసుకుంట పండుకున్నడు." సంచీ సర్దుకుంది. "మా ఆయన గూడ పోయి నాలుగేండ్లాయె. చూస్తుండొచ్చు. నేనైతె ఇంక జర మన్ను పడనిస్త. నాకేం తొందర లేదు."

ముందు సీటు వాళ్లు కూడా నవ్వారు. అక్క రెండు రోజుల్లో మొదటిసారి నవ్వింది, కళ్లలో నీళ్లు వచ్చేంత. పెద్దమ్మ దిగేటప్పుడు ఆమెకు రెండు పండ్లు ఇచ్చింది, మాకు ఇవ్వలేదు.

జేబీఎస్‌లో దిగి మెట్రో ఎక్కాం. ఈ ప్రయాణం గురించి చెప్పమంటే ఇంతే చెప్తాను: వెళ్లేవారు టోపీ, నీళ్లు, ఓపిక పట్టుకెళ్లాలి, ఊళ్లో ఎవరైనా ఏదైనా సరిచేశామంటే ఆ పూటే వెళ్లి కొలవాలి. అక్కడ పడుకున్నవాళ్లు మాత్రం మన కొలతల కోసం ఏమీ ఇబ్బంది పడటం లేదు. ఇబ్బందంతా మనదే.

8:15కు చిక్కడపల్లి. మేం దిగాలి, అక్కది తర్వాతి స్టేషను, నారాయణగూడ. నేను పసుపు డబ్బా, నరేశ్ కొలబద్ద పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాం. అక్క కూర్చున్నచోటు నుంచే అడిగింది.

"తమ్మీ, ఆ ఏడు పక్కానేనా?"

"రెండు మిల్లీమీటర్లు అటో ఇటో అక్కా. మూడుసార్లు చూసిన."

ఆమె కొలతల పుస్తకాన్ని ఒళ్లోకి తీసుకుని తల వెనక్కి ఆనించింది.

"ఇగ చాలు" అంది. తలుపులు మూసుకున్నాయి.